పాత జావా, కొత్త జావా ఒకే కంప్యూటర్‌లో: అప్లికేషన్ వర్చువలైజేషన్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది అనకాపల్లి ప్రాంతంలోని మందుల తయారీ సంస్థ. సుమారు 200 కంప్యూటర్ల బాధ్యత ముగ్గురి మీద ఉంది. స్టోర్స్ విభాగం వాడే పాత ప్రోగ్రాం జావా 6 ఉంటేనే నడుస్తుంది. నాణ్యతా విభాగానికి ఈమధ్య కొన్న ప్రోగ్రాం జావా 8 అడుగుతుంది. రెండూ ఒకే యంత్రంలో ఉంటే ఏదో ఒకటి మొరాయిస్తోంది. అప్లికేషన్ వర్చువలైజేషన్ కోసం మైక్రోసాఫ్ట్ తెచ్చిన యాప్-వి సర్వర్ పెట్టి ప్రోగ్రాంలన్నింటినీ అందులోకి మార్చేయమని ఒకరు సలహా ఇచ్చారు. మీరేమంటారు?

జవాబు: జావా తగాదా దీనితో తీరుతుంది కానీ, సలహాలోని మిగతా రెండు మాటలూ, అంటే సర్వర్ పెట్టడం, అన్నీ మార్చేయడం, మీకు పనికిరావు. అప్లికేషన్ వర్చువలైజేషన్‌లో ప్రోగ్రాంను మామూలుగా ఇన్‌స్టాల్ చేయరు. దాని ఫైళ్లను, రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) వివరాలను ఒక ప్యాకేజీలో ఉంచితే, ఆ ప్రోగ్రాంకు మాత్రం అవి సి డ్రైవ్‌లో యథాస్థానంలో ఉన్నట్టే కనిపిస్తాయి, పక్క ప్రోగ్రాంలకు కనిపించవు. కనుక జావా 6ను స్టోర్స్ ప్రోగ్రాంతో కలిపి ఒకే ప్యాకేజీగా చేసి, జావా 8ను యంత్రంలో మామూలుగానే ఉంచండి.

2006లో సాఫ్ట్రిసిటీ సంస్థను కొన్నప్పుడు మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చిన సాఫ్ట్‌గ్రిడ్ అనే ఉత్పత్తే తర్వాత యాప్-వి అయింది. దాని సర్వర్ భాగాలకు మద్దతు గడువును 2026 ఏప్రిల్‌గా నిర్ణయించారు కాబట్టి, ఇప్పుడు కొత్తగా సర్వర్ కట్టుకోవడం వృథా శ్రమ. ఉద్యోగి కంప్యూటర్‌లో ఉండి ప్యాకేజీలను నడిపే భాగమైన క్లయింట్ సంగతి వేరు: విండోస్ 10లో 2016 నాటి 1607 వెర్షన్ నుంచి అది విండోస్‌లోనే ఉంది, ఆన్ చేసుకుంటే చాలు. ప్యాకేజీలను పవర్‌షెల్ స్క్రిప్టుతోనో, మీకు ఉంటే కాన్ఫిగరేషన్ మేనేజర్ అనే మైక్రోసాఫ్ట్ నిర్వహణ సాధనంతోనో పంపవచ్చు. అయితే ఈ క్లయింట్ ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలోనే ఉంటుంది, ప్రోలో ఉండదు. మన దగ్గర చాలా సంస్థలు ప్రో యంత్రాలే కొంటాయి. అన్నింటికన్నా ముందు ఇది చూసుకోండి. మీవి ప్రో అయితే, ఆ పాత ప్రోగ్రాంను ఒక విండోస్ సర్వర్‌లో పెట్టి రిమోట్‌యాప్‌గా (ప్రోగ్రాం సర్వర్‌లో నడుస్తుంది, కిటికీ ఉద్యోగి తెరపై కనిపిస్తుంది) అందించడం తేలిక, దానికి కావలసిన రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సుల ఖర్చు భరించగలిగితే.

ప్యాకేజీ తయారుచేసే పనిని సీక్వెన్సింగ్ అంటారు. ఫలితం మంచిదో చెడ్డదో ఇక్కడే తేలిపోతుంది. ఉద్యోగులు వాడే విండోస్ వెర్షనే ఉన్న కొత్త వర్చువల్ మెషీన్ తీసుకుని, మరేదీ ఇన్‌స్టాల్ చేయకముందే స్నాప్‌షాట్ (మళ్లీ ఆ స్థితికి తిరిగి వెళ్లేందుకు వీలైన నకలు) ఉంచుకుని, యాంటీవైరస్‌ను, విండోస్ అప్‌డేట్‌ను ఆపి పని మొదలుపెట్టాలి. లేకపోతే ఆ సమయంలో అవి రాసే ఫైళ్లు కూడా ప్యాకేజీలో చేరిపోతాయి. ఇన్‌స్టాల్ అయ్యాక ప్రోగ్రాంను ఒకసారి తెరిచి, మొదటిసారి అడిగే ప్రశ్నలకు అక్కడే జవాబిచ్చి, జావా తనంతట తాను అప్‌డేట్ అయ్యే సౌకర్యాన్ని తీసేయండి. తర్వాతి ప్యాకేజీకి మళ్లీ స్నాప్‌షాట్ నుంచే మొదలుపెట్టాలి.

డ్రైవర్లు ప్యాకేజీలో ఇమడవు. డాంగిల్, లేబుల్ ప్రింటర్, జీఎస్టీ పత్రాలపై సంతకానికి వాడే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్: వీటి డ్రైవర్లను యంత్రంలోనే ఇన్‌స్టాల్ చేయాలి. యాంటీవైరస్ కూడా ఇందులోకి రాదు. ప్యాకేజీలో ఉంది కదా అని పాత జావాకు రక్షణ ఉందనుకోవడం మరో పొరపాటు. ఆ ప్రోగ్రాం ఉద్యోగికున్న హక్కులతోనే నడుస్తుంది, దాని లోపాలు దానికి ఉండనే ఉంటాయి. ఇంటర్నెట్‌తో పని లేకపోతే ఫైర్‌వాల్‌లో దానికి దారి మూసేయండి.

ప్రశ్న: మేము ఇప్పటికే యాప్-వి వాడుతున్నాము. కొత్త వెర్షన్ ప్యాకేజీ పంపినా, కొందరికి వారాల తరబడి పాతదే తెరుచుకుంటోంది. కారణమేమిటి?
— తిరుపతి పాఠకురాలు

జవాబు: ఆ కొందరు సాయంత్రం వెళ్లేటప్పుడు స్క్రీన్ లాక్ చేసి వెళ్తున్నారేమో చూడండి. ప్రోగ్రాం తెరిచి ఉండగా కొత్త ప్యాకేజీ వస్తే, మార్పు వెంటనే జరగదు. ఆ ఉద్యోగి లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అయ్యేదాకా, లేదా యంత్రం రీస్టార్ట్ అయ్యేదాకా వేచి ఉంటుంది. వారానికొక రాత్రి అన్ని యంత్రాలూ రీస్టార్ట్ అయ్యేలా గ్రూప్ పాలసీతో షెడ్యూల్ చేసిన టాస్క్ పెట్టండి, ముందుగా ఉద్యోగులకు చెప్పి.

ప్రశ్న: ఎక్సెల్ యాడ్-ఇన్‌ను ప్యాకేజీగా చేశాను. ఎక్సెల్ తెరిస్తే అది కనిపించడం లేదు.
— హైదరాబాద్ పాఠకుడు

జవాబు: యంత్రంలో మామూలుగా ఉన్న ఎక్సెల్ ప్యాకేజీ లోపలికి చూడలేదు. రిజిస్ట్రీలో యాప్-వి క్లయింట్ కింద రన్‌వర్చువల్ అనే కీ పెట్టి, దానిలో ఎక్సెల్ ప్రోగ్రాం ఫైలు పేరుతో మరో కీ సృష్టించి, మీ ప్యాకేజీ గుర్తింపు సంఖ్యను (ప్యాకేజీ ఐడీ), వెర్షన్ గుర్తింపు సంఖ్యను (వెర్షన్ ఐడీ) అండర్‌స్కోర్‌తో కలిపి విలువగా ఇవ్వండి. అప్పుడు ఎక్సెల్ ఆ ప్యాకేజీ లోపలే తెరుచుకుంటుంది. యాడ్-ఇన్ వెర్షన్ మారిన ప్రతిసారీ ఆ విలువనూ మార్చాలి.