కూడబలుక్కుని చదువుతున్నాడు... ఏడీహెచ్‌డీ అంటారా డాక్టర్?

ప్రశ్న: డాక్టర్ గారూ! మాది గాజువాక. మా బాబుకు ఎనిమిదేళ్లు నిండాయి. గవర్నమెంటు స్కూల్లో మూడో తరగతి. మాటల్లో ఎవరికీ తీసిపోడు. పుస్తకం తీస్తే మాత్రం రెండు లైన్లకే దిక్కులు చూస్తాడు. చదివిన దాంట్లో ఏదైనా అడిగితే నోరు విప్పడు. ‘ధ్యాస నిలవడం లేదు, ఏడీహెచ్‌డీ ఏమో చూపించండి’ అన్నారు వాళ్ల టీచరు. ధ్యాస నిలవని, కుదురుగా ఉండలేని సమస్యట అది. మా వారిది షిఫ్టు డ్యూటీ. ఆయన రాత్రి పది దాటాక వచ్చేదాకా వీడు పడుకోడు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. మందులు వాడాలా?
- ఒక తల్లి, విశాఖపట్నం

సలహా: మందుల సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు ఇంట్లోనే ఒక పని చేయండి. బాబు ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది కదా. ఇంకా స్కూల్లో చెప్పని పాఠంలోంచి తెలుగు పేజీ ఒకటి వాడి చేత పైకి చదివించి, నాలుగు ప్రశ్నలు అడగండి. మర్నాడు అలాంటిదే ఇంకో పేజీ మీరు చదివి వినిపించి, మళ్లీ నాలుగు ప్రశ్నలు అడగండి.

విన్నది చక్కగా చెప్పి, తాను చదివింది చెప్పలేకపోతే చిక్కు చాలావరకు చదవడంలోనే ఉందని అర్థం. ‘ఉష్ణోగ్రత’ దగ్గర వాడి వేలు చూడండి. ‘ఉ... ష... కింద ణ వత్తు... ష్ణో...’ అంటూ ‘త’ దాకా వచ్చేసరికి వాక్యం మొదట్లో ఏముందో జారిపోతుంది. స్కూటీ కొత్తగా నేర్చుకుంటూ రద్దీగా ఉండే ఎన్‌ఏడీ జంక్షన్‌లో పడ్డవాళ్లకు వెనక కూర్చున్నవాళ్ల మాటలు ఎక్కుతాయా? ఇదీ అంతే. మనసుకున్న ధ్యాస పరిమితమని, అక్షరాలు పోల్చుకోవడానికే అది ఖర్చయిపోతే అర్థానికి మిగలదని లాబెర్జ్, శామ్యూల్స్ అనే పరిశోధకులు 1974లోనే చెప్పారు. అలసిపోయిన పిల్లాడు దిక్కులు చూస్తాడు. బయటికి అది ధ్యాస లేనట్టే కనిపిస్తుంది. గుణింతాలు, వత్తులు, సంయుక్తాలు అన్నీ కుదురుకోవడానికి చాలామంది పిల్లలకు మూడో తరగతి దాటినా టైమ్ పడుతుంది.

ఇంగ్లీషు పేజీ గడగడా చదివేస్తే మురిసిపోకండి. పదాలు పలకడం వేరు, ఆ భాష తెలియడం వేరు. చదివింది అర్థం కావడమంటే ఈ రెండింటి కూడిక కాదు, గుణకారం అని 1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు అన్నారు. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే.

మీరు చదివి వినిపించినా తలకెక్కకపోతే అప్పుడు మాటలు అర్థం కావడం లేదా, ధ్యాస నిలవడం లేదా, చెవి సరిగా వినపడుతోందా అని చూడాలి. ఏడీహెచ్‌డీ అనాలంటే లక్షణాలు కనీసం 6 నెలలుగా ఉండాలి, 12 ఏళ్లలోపే మొదలవ్వాలి, బడిలోనూ ఇంట్లోనూ కనిపించాలి. స్నానానికి వెళ్లి మధ్యలో మరిచిపోవడం, ఆటలో తన వంతు ఆగలేకపోవడం లాంటివన్నమాట. ఫోన్ ముందు గంటసేపు కదలకుండా కూర్చుంటాడు కాబట్టి అది లేదనుకోవద్దు, అది ఉన్న పిల్లలు కూడా కూర్చుంటారు. పుస్తకం దగ్గర మాత్రమే వచ్చే తంటాను ఏడీహెచ్‌డీ అని నేను అనను. రెండూ కలిసి ఉండే పిల్లలూ ఉన్నారు. అందుకే స్కూలు నుంచి వచ్చిన ఒక్క మాట మీద మందు రాయకూడదు.

ఇక నిద్ర. నాకు దీని మీద కూడా అనుమానం ఉంది. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పదకొండింటికి పడుకుని ఆరింటికి లేచే పిల్లాడికి ఏ పాఠమూ ఎక్కదు. నాన్నతో కబుర్లు పొద్దున్నకి మార్చండి. దూరంగా ఉన్న బోర్డు కనిపిస్తోందని కళ్లు బాగున్నట్టు కాదు, దగ్గరి చూపు కూడా పరీక్ష చేయించండి. పాలిపోయినట్టుంటే హిమోగ్లోబిన్ చూపించండి. తెలివి పెంచుతాయనే టానిక్‌లకు డబ్బు పోయకండి.

రోజూ పావుగంట చాలు. పది లైన్ల ముక్క ముందు మీరు చదవండి, తర్వాత వాడు. అదే ముక్క మూడు నాలుగు సార్లు. తప్పు చదివితే కాస్త ఆగి పదం అందించండి, కసరకండి. టైమ్ పెట్టి పరుగెత్తించవద్దు, చుక్క దగ్గర ఆగడం ముఖ్యం. చివర్లో ‘ఏం జరిగింది?’ అని కథలా చెప్పించండి.

రెండు మూడు నెలలు ఇలా చేసినా కదలిక లేకపోతే విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ పిల్లల విభాగంలో గానీ, చైల్డ్ సైకాలజిస్టుకు గానీ చూపించండి. డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య) లాంటి అభ్యసన లోపాల పరీక్షకు ఎనిమిదేళ్లు సరైన వయసే. 2016 వికలాంగుల హక్కుల చట్టం వీటినీ గుర్తించింది. వెళ్లేటప్పుడు వాడి నోటుబుక్కులు, ప్రోగ్రెస్ కార్డు తీసుకెళ్లండి. క్లాసులో ఎలా ఉంటాడో టీచరు గారిని నాలుగు ముక్కలు రాసిమ్మనండి.