పేరు మార్చుకున్నా తలుపు తీయలేదు!

ప్రశ్న: గ్రూప్-1కు చదువుతున్నాను సార్. ఉత్తర మాసిడోనియా యూరోపియన్ యూనియన్‌లో చేరడం కోసం దేశం పేరే మార్చుకుందట. అయినా సభ్యత్వం రాలేదు, ఇప్పుడు మళ్లీ రాజ్యాంగం సవరించమంటున్నారు. అసలు అడ్డం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అడ్డమంతా ఒక్క నిబంధనలో ఉందమ్మా. కొత్త దేశాన్ని చేర్చుకోవాలంటే ఉన్న 27 దేశాలూ సరే అనాలి. అది కూడా చివర్లో ఒక్కసారి కాదు. చర్చలు మొదలుపెట్టడానికి, ఒక్కో విభాగం తెరవడానికి, ముగించడానికి, ప్రతిసారీ అందరూ తలూపాల్సిందే. పొరుగువాడికి పాత పేచీ ఏదైనా ఉంటే తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి అదను ఏముంటుంది?

ఈ దేశానికి అభ్యర్థి హోదా 2005లోనే వచ్చింది. మాసిడోనియా అనే ప్రాంతం మా దగ్గర ఉంది, ఆ పేరు మీరు పెట్టుకోవద్దని గ్రీసు పట్టుబట్టింది. పేరును ఉత్తర మాసిడోనియాగా మార్చుకోవాలని 2018లో రెండు దేశాల మధ్య ప్రెస్పా ఒప్పందం కుదిరింది. మరుసటి జనవరిలో పార్లమెంటులో 120కి 80 ఓట్లు కావాల్సి ఉంటే 81 వచ్చాయి, రాజ్యాంగం మారింది. గ్రీసు తనవాడనే అలెగ్జాండర్ పేరును రాజధాని స్కోప్యె విమానాశ్రయం నుంచి అంతకుముందే దింపేశారు. కార్ల నంబర్ ప్లేట్ల మీద ‘ఎంకే’ పోయి ‘ఎన్ఎంకే’ వచ్చింది. ఇంతా చేశాక 2019 అక్టోబరులో ఫ్రాన్స్ వద్దంది. అది మెత్తబడేసరికి, 2020 నవంబరులో బల్గేరియా అడ్డుపడింది.

బల్గేరియాది చరిత్ర తగాదా. ఒట్టోమాన్ పాలన మీద తిరగబడి 1903లో ప్రాణాలు పోగొట్టుకున్న గోత్సే డెల్చెవ్‌ను మావాడంటే మావాడని రెండు దేశాలూ అంటాయి. ఆయన పుట్టిన ఊరేమో ఇప్పుడు గ్రీసులో ఉంది! సమాధి స్కోప్యెలో ఒక చర్చి ఆవరణలో ఉంది. ఈ లెక్కలు తేల్చడానికి ఉమ్మడిగా చరిత్రకారుల కమిటీ కూడా వేశారు. నన్నడిగితే సభ్యత్వ చర్చల్లోకి దీన్ని రానివ్వడమే తప్పు.

2022లో ఫ్రాన్స్ కుదిర్చిన రాజీ ప్రకారం, రాజ్యాంగంలో అల్బేనియన్లు, టర్కులు, సెర్బులు, రోమాలు అంటూ ఉన్న వరుసలో బల్గేరియన్లనూ చేర్చాలి. 2021 జనాభా లెక్కల్లో తాము బల్గేరియన్లమని రాయించుకున్నవాళ్లు 3,504 మంది. ఒక్క మాట చేరిస్తే పోయేదేముంది అనిపిస్తుంది. కానీ పేరు వదులుకుని ఏం బావుకున్నామని అడిగేవాళ్లకు జవాబు చెప్పాలిగా! 2024 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. సవరణ ఇప్పుడే చేసినా, సభ్యత్వం వచ్చాకే అమలు చేద్దామని కొత్త ప్రధాని మిత్స్కోస్కి అడిగితే బ్రస్సెల్స్, అంటే యూరోపియన్ యూనియన్, ఒప్పుకోలేదు. ఈలోగా చేరిక బాటలో జతగా నడుస్తున్న అల్బేనియాను విడదీసి, 2024 అక్టోబరులో దాంతో మొదటి విభాగం తెరిచారు.

మరి ఆ నిబంధనే మార్చొచ్చుగా అంటారా? కనీసం మధ్య దశల్లోనైనా 65 శాతం జనాభా ఉన్న 55 శాతం దేశాలు సరేనంటే చాలన్న ప్రతిపాదన ఉంది. తమాషా ఏమిటంటే, దానికీ 27 దేశాలూ ఒప్పుకోవాలి. చేతిలో ఉన్న వీటోను ఎవరు వదులుకుంటారు? 2023 డిసెంబరులో ఉక్రెయిన్‌తో చర్చల నిర్ణయం తీసుకోవడానికి, దాన్ని వ్యతిరేకిస్తున్న అప్పటి హంగరీ ప్రధాని ఓర్బాన్ గదిలోంచి బయటికి వెళ్లాల్సి వచ్చింది.

పరీక్ష కోసమైతే యూరోపియన్ యూనియన్ ఒప్పందంలో రెండు అధికరణాలు చదవండి. చేరికకు 49, ఒప్పందం మార్చడానికి 48.