కొత్త కార్బొరేటర్ ఏసినంక బుల్లెట్ రేస్ దిగుతలేదు

ప్రశ్న: అన్నా నమస్తే, మాది హాలియా. మా బాపు 1987ల కొన్న బుల్లెట్ 350 ఉంది, కుడికాలు గేరుది. బాపు పోయినంక రెండేండ్లు షెడ్డుల్నే ఉండె. మొన్న దసరాకు బయటకు తీస్తే కార్బొరేటర్ల నుంచి పెట్రోల్ ఒకటే కారుడు. మెకానిక్ చూసి ఇది పోయింది కొత్తది ఎయ్యాలె అన్నడు, పట్నం పోయి తెచ్చి బిగించినం. పొద్దుగాల ఒక్క కిక్కుకే స్టార్ట్ అయితది కానీ నాలుగు కిలోమీటర్లు పోయినంక ఎక్సిలేటర్ వదిలేసినా రేస్ దిగది, గేర్ల మీద దిగుతుంటే సైలెన్సర్ల ఫట్ ఫట్ అంటది. మూడుసార్లు ట్యూనింగ్ చేపిచ్చిన, ఏం మారలే. డూప్లికేట్ మాల్ అంటగట్టిండ్రా నాకు?

జవాబు: తమ్మీ, ముందు ఇది చెప్పు, పాతది పారెయ్యలేదు గదా? పారేస్తే ఆ మెకానిక్ షెడ్డు ఎనుక ఎతుక్కోని తెచ్చుకో, దాంతోని పనుంది. పెట్రోల్ కారినంత మాత్రాన కార్బొరేటర్ పోయినట్టు కాదు. నిలబడ్డ బండిల పెట్రోల్ ఎండి జిగురైతది, ఫ్లోట్ సూది (పెట్రోల్ నిండంగనే దారి మూసేది) దాని సీట్ల సరిగ్గ కూసోదు, కారుతనే ఉంటది. చానాసార్లు కడిగి సూది మారిస్తే అయిపోయే ముచ్చట అది. సరే, కొన్నవ్ గాబట్టి ఇప్పుడున్నదాన్ని సక్కగ చేసుకుందాం.

నువ్వు చెప్పిన గుర్తులు చూస్తే నాకు డూప్లికేట్ కంటే ముందు గాలి మీద అనుమానం. కార్బొరేటర్‌కు, ఇంజన్ హెడ్‌కు (సిలిండర్ మీది మూతకు) నడుమ సందుల నుంచి దొంగగాలి పోతాంది. పెట్రోల్‌తోని కలవాల్సిన గాలికి తోడు లెక్కలేని గాలి గూడ పోతే మిక్చర్ పలసవడతది, రేస్ దిగది, వదిలినప్పుడు ఫట్ ఫట్ మంటది. అందుకే మూడుసార్లు స్క్రూ తిప్పినా ఏం కాలే, స్క్రూ తిప్పితే సందు మూసుకపోతదా చెప్పు. పొద్దుగాల మంచిగ స్టార్ట్ అయితదంటే అప్పుడు చోక్ ఎక్కువ పెట్రోల్ ఇచ్చి దాన్ని కప్పిపెడతాంది.

చూసుకునుడు అల్కనే. బండి స్టార్ట్ చేసి ఇంజన్ బాగా కాలకముందే సబ్బునీళ్లు స్ప్రే బాటిల్ల పోసి ఆ జాయింట్ చుట్టూ సన్నగ కొట్టు, ఎక్కడ కొట్టినప్పుడు ఇంజన్ సప్పుడు మారిందో అక్కడ్నే సందు. కొంతమంది పెట్రోల్ పోసి చూస్తరు, ఆ పని మాత్రం చెయ్యకు, ఇంజన్ వేడికి, ప్లగ్గు వైరు నిప్పురవ్వకు అంటుకుంటది.

సందు దొరికితే కార్బొరేటర్ ఇప్పు. హెడ్‌కు ఆనే దాని మొఖం వంకర పోయి ఉంటది, ఎందుకంటే మనోళ్లకు పానా దొరికితే ఆగరు, ఒక పక్క నట్టు ఊపిరాడకుండ బిగిచ్చి తర్వాత రెండోది పడతరు, మెత్తటి లోహం గాబట్టి వంగుతది. అద్దం ముక్క మీద 400 నంబర్ ఎమిరీ పేపర్ పరిచి ఆ మొఖాన్ని బోర్లేసి ఎనిమిది అంకె గీసినట్టు అల్కగ నాలుగుసార్లు రుద్ది చూడు, చెవుల దగ్గర మాత్రమే మెరిసి నడుమ నల్లగ ఉంటే వంగినట్టే. మొత్తం ఒక్కతీరు మెరిసేదాక రుద్ది, పొడి ఒక్క రవ్వ లేకుండ కడిగి, కొత్త ప్యాకింగ్ ఎయ్యి. నడుమ దొడ్డు ఫైబర్ ప్యాకింగ్ ఉంటది, హెడ్ వేడి కార్బొరేటర్‌కు ఎక్కకుండ అది ఆపుతది, కొత్తది ఏసేటప్పుడు దాన్ని మర్చిపోయిండ్రేమో చూడు. ఈసారి రెండు నట్లు చెరి సగం చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించు, గట్టిగైనంక ఇంక బలం పెట్టకు.

ఇగ పాతదానితోని పని. బుల్లెట్‌కు వచ్చేది మిక్‌కార్బ్ వీఎం24, జపాన్ మికునీ డిజైన్ మీద మద్రాసు యూకాల్ వాళ్లు చేసింది. పాతదాంట్ల మెయిన్ జెట్, పైలట్ జెట్ (పెట్రోల్ పోయే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలు) ఇప్పి ఇత్తడి మీద గుద్దిన నంబర్లు చూడు, కొత్తదాంట్ల అవే లేకుంటే పాతయి శుభ్రం చేసి అందుల పెట్టు. స్లైడ్ అంటే ఎక్సిలేటర్ తిప్పితే పైకి లేసేది, దానికి వేలాడే సూదికి క్లిప్ నడిమి గాడిల ఉంచు. స్లైడ్ కింద ఒక పక్క కోత ఉంటది, అది ఎయిర్ ఫిల్టర్ దిక్కు ఉండాలె, గాడి లోపలి పిన్‌ల కూసోవాలె. స్టార్ట్ చేయకముందే ఎక్సిలేటర్ తిప్పి వదులు, టక్కున సప్పుడు రావాలె, రాలేదంటే స్లైడ్ పట్టేస్తాంది, కిక్ కొట్టకు. హ్యాండిల్ రెండు దిక్కులా పూర్తిగ తిప్పినా కేబుల్ గుంజకూడదు.

చివరికి ఎయిర్ స్క్రూ పూర్తిగ మూసి ఒకటిన్నర చుట్టు ఇప్పు, వేడెక్కినంక అక్కడ్నుంచి ఇటు అటు పావు చుట్టు సవరించుకో. పెద్దవూర దాక ఒకతీరు స్పీడుల పోయి వచ్చి ప్లగ్ ఇప్పి చూడు. చాయ్ రంగు ఉంటే అయిపోయింది. ఇంకా తెల్లగ ఉంటే క్లిప్ ఒక గాడి కిందికి, నల్లగ మసి ఉంటే ఒక గాడి పైకి.

ఇన్ని చేసినా రేస్ దిగకపోతే అప్పుడు డూప్లికేట్ అను, దుకాణపాయన మీద పోదువు గాని. ఇంకోటి, ఇప్పుడు పెట్రోల్‌ల 20 శాతం ఇథనాల్ కలుస్తాంది, పాత రబ్బర్లు, పైపులు మెత్తవడి ఉబ్బుతయ్, అవి గూడ మార్చుకో. బండి పది దినాలు ఆపేదుంటే పెట్రోల్ నాబ్ బంద్ చేసి కార్బొరేటర్ ఎండేదాక నడిపి ఆపు.

ప్రశ్న: జడ్చర్ల నుంచి రాస్తున్న. నా యమహా ఆర్ఎక్స్ 100కు పోయిన నెల కార్బొరేటర్, కేబుల్ రెండూ మార్చినం. ముందు బాగా పొగ వచ్చేది, ఇప్పుడు అస్సలు వస్తలేదు, ఆయిల్ గూడ తగ్గుతలేదు, పికప్ గూడ మంచిగున్నది. బండి బాగైనట్టేనా?

జవాబు: బాగు కాదు, ఈ రోజే బండి పక్కకు పెట్టు! ఎక్సిలేటర్ కేబుల్ చీలి ఒకటి కార్బొరేటర్‌కు, ఒకటి 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్‌ల పెట్రోల్‌తోని కలిసి కాలే ఆయిల్) పంపుకు పోతది, ఆ రెండోది తగిలించలేదు నీ మెకానిక్. సరిపోను ఆయిల్ అందక పిస్టన్ పట్టేసుడు ఖాయం, రోడ్డు మీద పట్టిందంటే ఎనుక చక్రం గూడ పడుతది. పంపు కవర్ ఇప్పి కేబుల్ కప్పికి తగిలిపిచ్చి, కప్పి మీద గుర్తును పిన్ను ఎదురుకు తెప్పిచ్చు. షెడ్డు దాక పోవాలంటే ట్యాంకుల లీటరుకు 30–40 మిల్లీ లీటర్ల 2టీ ఆయిల్ కలుపుకోని పో, పొగ వచ్చినా మంచిదే.