రాయల్ క్లిప్పర్ అనే క్రూజ్ ఓడకి ఆ తెరచాపలు నిజంగా పనికొస్తాయా, ఫొటోల కోసమేనా? అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా?

పనికొస్తాయండీ, కానీ ఇరవై నాలుగ్గంటలూ వాటి మీదే వెళ్తుందనుకోకండి. మేం ఎక్కింది ఇటలీలో, రోమ్ దగ్గర చివిటవెక్కియా రేవులో. పొన్జా, అమాల్ఫీ, సిసిలీ వైపు రూటు. గాలి బావుంటే ఇంజిన్ ఆపేస్తారు, గాలి పడిపోయినా పొద్దున్నే ఫలానా రేవుకి చేరాల్సి ఉన్నా ఇంజిన్ వేసేస్తారు, అందులో దాపరికం ఏమీ లేదు, కెప్టెన్‌ని అడిగితే ఇప్పుడు దేని మీద వెళ్తున్నామో చెప్పేస్తాడు.

ఓడ 134 మీటర్లు, అయిదు మాస్టులు (తెరచాపలు కట్టే నిలువు స్తంభాలు), 42 తెరచాపలు. 1902లో జర్మనీ వాళ్లు కట్టిన ప్రాయిసెన్ అనే సరుకు ఓడని చూసి 2000లో దీన్ని తయారు చేశారు. మాస్టుల మీది అడ్డదూలాలకి ఉండే చదరపు తెరచాపలు మోటార్లతో చుట్టుకుంటాయి, మిగతావాటికి మాత్రం సిబ్బంది తాళ్లు లాగాల్సిందే, మనం కూడా ఓ చెయ్యి వేస్తామంటే వద్దనరు (నాకైతే అరచేతులు మండిపోయాయి). ఇంజిన్ ఆగాక తేడా వెంటనే తెలుస్తుంది, నేల కింద అదురు పోతుంది, ఓడ ఓ పక్కకి కాస్త ఒరుగుతుంది, టేబుల్ మీద గ్లాసు ఓ కంట కనిపెట్టుకోవాలి. ఓడ ముందుకి పొడుచుకొచ్చిన కొమ్ము కింద వల కట్టి ఉంటుంది, అందులో పడుకుంటే కింద సముద్రమే, నన్నడిగితే టికెట్ డబ్బులు అక్కడే గిట్టుబాటు. బెల్టు కట్టి మాస్టు మీదికి కూడా కొంత ఎత్తు ఎక్కనిస్తారు.

ఇక పెద్దవాళ్ల సంగతి. ఇందులో లిఫ్టు లేదు!! భోజనానికీ డెక్ మీదికీ అన్నిటికీ మెట్లే. చాలా చోట్ల ఓడ రేవులోకి పోదు, దూరంగా లంగరేసి చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు, అలలుంటే ఆ పడవలోకి అడుగెయ్యడం మా అమ్మకి కొంచెం భయమే వేసింది, సిబ్బంది చెయ్యి పట్టుకుని దింపారు. కళ్లు తిరిగే వాళ్లయితే కింది డెక్‌లో ఓడ మధ్యకి ఉన్న కేబిన్ అడగండి, ముందువైపు ఊపు ఎక్కువ. శాకాహారం అని బుకింగ్‌లోనే రాయించండి, పాస్తాతో సరిపెట్టుకోవాల్సిన పూటలుంటాయి, పచ్చడి సీసా మీ ఇష్టం.

రాత్రి షోలూ కాసినో కావాలంటే ఇది అస్సలు వద్దు, ప్రయాణికులే రెండొందల పైచిలుకు, తొమ్మిది దాటితే డెక్ ఖాళీ. మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పులుంటే లిఫ్టులున్న మామూలు పెద్ద క్రూజ్ తీసుకోండి, దీనికి మీరు విడిగా వెళ్లండి.