బండ తోస్తే ఆటేనా?

సందేహం: మాది చీమకుర్తి. గ్రానైట్ పాలిష్ యూనిట్లో లెక్కలు రాస్తాను. టీవీలో శీతాకాల ఒలింపిక్స్ చూస్తూ మా ఇంట్లో వాదులాట మొదలైంది. కర్లింగ్ అంట, ఐసు మీద రాతిబండను తోసి, దాని ముందు చీపుళ్ళతో రుద్దుతారు. ఇదీ ఒక క్రీడేనా అని మా అన్న. ఇది క్రీడ అయితే మన తిరునాళ్ళ బండలాగుడు ఏం పాపం చేసిందని మా బావ. ఐసు మీద నాట్యం చేస్తే పతకమేమిటని మా ఆవిడ. ఆట, క్రీడ, పందెం, వీటికి తేడా ఏమిటండీ? 'స్కీ మౌంటెనీరింగ్ ఆడిన క్రీడాకారిణి' అని ఒక వార్తలో ఉంది. ఒప్పేనా? అసలు 'శీతాకాల క్రీడలు' సరైన మాటేనా?

సమాధానం: ముందు మీ ఆవిడగారి ప్రశ్న తీసుకుంటాను. సరుకంతా అందులోనే ఉంది.

తెలుగులో 'ఆడు' అంటే మొదట కదలడమే. గాలి ఆడటం లేదంటాం, ఊపిరి ఆడలేదంటాం, గానుగ ఆడిస్తాం, సినిమా వంద రోజులు ఆడిందంటాం. గెలుపోటముల ఊసు వీటిలో ఎక్కడా లేదు. కోలాటంలోనూ తోలుబొమ్మలాటలోనూ ఉన్నది ఈ ఆటే. నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన భారతాన్ని అందుకున్నది విరాటపర్వంతో గదా. ఆ విరాటుడి ఇంట్లో ధర్మరాజు పాచికలు ఆడతాడు, బృహన్నల రాచకన్నెకు ఆటపాటలు నేర్పుతాడు. పాచికలదీ ఆటే, నాట్యమూ ఆటే. కాబట్టి ఐసు మీది ఆ నాట్యాన్ని, అంటే ఫిగర్ స్కేటింగ్‌ను, 'ఆట' అనడానికి తెలుగుకు ఏ అభ్యంతరమూ లేదు. మార్కులు వేసేవాళ్ళ మీద అనుమానం ఉంటే అది వేరే తగువు, నిఘంటువు తీర్చేది కాదు. ఒలింపిక్స్‌కైతే ఇది కొత్త కోడలేమీ కాదు. మంచు క్రీడలకు విడిగా పోటీలు 1924లో ఫ్రాన్స్‌లోని షామొనీలో మొదలైతే, ఫిగర్ స్కేటింగ్ 1908 లండన్ ఒలింపిక్స్‌లోనే ఉంది.

'క్రీడ' సంస్కృతం. జలక్రీడ, ద్యూతక్రీడ అన్న మాటలు చూడండి. నీళ్ళలో సరదాకూ కూర్చుని వేసే జూదానికీ కూడా అదే మాట. దానికి చెమట పట్టింది ఈ మధ్యనే, బళ్ళో క్రీడా మైదానాలూ ప్రభుత్వంలో క్రీడాశాఖలూ వచ్చాక. 'పందెం' అసలు అర్థం ఒడ్డిన సొమ్ము. పందెం కాయడంలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. పరుగు పందెంలో మాత్రం సొమ్ము జారిపోయి పోటీ మిగిలింది.

ఇక ఏది ఆట, ఏది కాదు అన్నది తెలియాలంటే నామవాచకాన్ని వదిలి క్రియను పట్టుకోండి. కబడ్డీ ఆడతాం. ఈత కొడతాం. కుస్తీ పడతాం. సాము చేస్తాం. బరువులు ఎత్తుతాం. 'నిన్న బావిలో ఈత ఆడాను' అని మీ ఊళ్ళో అనండి, పిల్లలు నవ్వుతారు. 1998 నుంచి 2018 దాకా ఆరు ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున దిగిన శివ కేశవన్ పోటీ పడింది లూజ్‌లో. చిన్న బండి మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు ముందుకు పెట్టి, మంచుగాడిలో జారిపోవడం అది. 'లూజ్ ఆడాడు' అంటే నాలుక ఒప్పుకోదు. జారాడు, అంతే. కర్లింగ్‌కు ఆ ఇబ్బంది లేదు. ఎదుట ఇంకో జట్టు ఉంటుంది, వంతులుంటాయి, గురి ఉంటుంది, ఎదుటివాడి రాయిని కొట్టి తప్పించడం ఉంటుంది. గోలీలాటకు పెదనాన్న అనుకోండి. మీ అన్నగారు క్రీడ కాదు పొమ్మన్న కర్లింగే, నా లెక్కలో, మిగతా చాలావాటికంటే అచ్చమైన ఆట. 1924లోనే ఆడి, మళ్ళీ పతకాల పట్టికలోకి రావడానికి 1998లో జపాన్‌లోని నాగానో పోటీల దాకా ఆగిందంటే, అక్కడా మీ అన్నగారిలాంటి వాళ్ళు ఉండే ఉంటారు. ఆ చీపురు ఊరికే ఊడవడానికి కాదు. రుద్దితే ఐసు పైపొర వేడెక్కి రాపిడి తగ్గుతుంది, రాయి ఇంకాస్త దూరం పోతుంది. మీకు నచ్చే మాట ఇంకొకటి: ఆ రాయీ గ్రానైటే, బరువు దాదాపు 20 కిలోలు. పేరున్న రాయి మాత్రం మీ చీమకుర్తి నల్లరాయి బ్లాక్ గెలాక్సీ కాదు, స్కాట్లండ్ దగ్గరి ఏల్సా క్రెయిగ్ దీవిది.

మీ బావగారి బండలాగుడుకు వద్దాం. అందులో బండను లాగేవి ఎడ్లు. పళ్ళను బట్టి విభాగాలు చేస్తారు, ఇచ్చిన నిమిషాల్లో జత ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. మనిషి చేసేది తోలడం. వాడుకలో గెలిచేది జత, బహుమతి అందుకునేది యజమాని. ఇది ఆట కాదు, పోటీ. పోటీ అన్నంత మాత్రాన తక్కువేమీ కాదు. వేసవి ఒలింపిక్స్‌లో గుర్రాలు లేవా? మంచు ఒలింపిక్స్‌లోకి రాకపోవడానికి కారణం ఎడ్లు కాదు, నేల. ఒలింపిక్స్ నిబంధనల పుస్తకమైన చార్టర్ ప్రకారం మంచు మీద జరిగేవే శీతాకాల క్రీడలు. నెల చూడరు, చలి చూడరు, కాలి కింద ఏముందో చూస్తారు. బాస్కెట్‌బాల్‌నే తీసుకోండి. 1891 డిసెంబరులో, చలికి బయట ఆడలేక, నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికి పుట్టించిన ఆట. పుట్టుక చలికాలంలో, చోటు వేసవి ఒలింపిక్స్‌లో!

అందుకే 'శీతాకాల క్రీడలు' నాకు అంత రుచించదు. సంస్కృతంలో శీతకాలమే. ఎండాకాలం, వానాకాలం పక్కన నిలబడి మన నోట దీర్ఘం వచ్చింది. అది తప్పని నేననను, కానీ మాట కాలాన్ని చెబుతోంది, నిబంధన నేలను చెబుతోంది. 'మంచు క్రీడలు' అంటే సరిపోతుంది. ఇంగ్లీషువాళ్ళు స్నో, ఐస్ అని రెండు మాటలు వాడాల్సిన చోట మనకు మంచు ఒక్కటే చాలు. నెల్లూరు, ఒంగోలు పక్క తెల్లవారుజామున రోడ్డు కనపడకుండా కమ్మేదాన్నీ మంచే అంటాం, నిజమే. దాని మీద ఎవరూ జారలేరు గనక తికమక రాదు.

మిగిలింది ఆ వార్త. స్కీ మౌంటెనీరింగ్ 2026లో ఇటలీలోని మిలాన్-కోర్టినా మంచు ఒలింపిక్స్‌లో కొత్తగా చేరింది. స్కీలతో, అంటే పాదాలకు తొడుక్కునే పొడుగాటి పలకలతో, కొండ ఎక్కుతారు, నిటారుగా ఉన్నచోట వాటిని విప్పి వీపున కట్టుకుని నడుస్తారు, మళ్ళీ తొడుక్కుని జారుతూ దిగుతారు. ఎక్కడం, నడవడం, దిగడం ఉన్నాయిగానీ 'ఆడటం' ఎక్కడా లేదు. 'స్కీ మౌంటెనీరింగ్‌లో పోటీపడిన' అని దిద్దుకోండి.