విజయనగరంలాంటి ఊళ్లో ఆడవాళ్ల భద్రతకు ఏఐ పనికొస్తుందా?

ఏఐ కెమెరాలు పెడితే ఆడవాళ్లకు నిజంగా ధైర్యం పెరుగుతుందా, మన చిన్న ఊళ్లకు అవన్నీ అవసరమా అని అడిగారు. నేను విజయనగరంలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నాను, సాయంత్రం డ్యూటీ పడితే ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటుతుంది. నన్నడిగితే పనికొస్తుంది, కాకపోతే అది చూడాల్సింది మా ముఖాల్ని కాదు, మేం నడిచే వీధుల్ని.

2021 జనవరిలో లక్నో పోలీసులు ఒక ఆలోచన ప్రకటించారు. ఆడవాళ్ల ముఖంలో కంగారు కనబడితే ఏఐ కెమెరా దానంతటదే పోలీసులకు కబురు పంపుతుందట. దీని మీద అప్పట్లోనే చాలా విమర్శలొచ్చాయి. నన్నెవరైనా వెంబడిస్తుంటే నేను ముఖంలో ఏమీ కనబడనివ్వను, ఫోన్ చెవిన పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు మామూలుగా నడుస్తాను, నాకు తెలిసిన ఆడవాళ్లు చాలామంది అంతే. ఇంట్లో గొడవపడి ఏడుపు ముఖంతో బస్సు కోసం నిలబడిన అమ్మాయి దగ్గరికేమో పోలీసులు వచ్చేస్తారు! పైగా ఈ సాఫ్ట్‌వేర్లు అందరి ముఖాల్నీ ఒకేలా చదవవు. 2018లో జాయ్ బులమ్వినీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకులు పరీక్షిస్తే, ఫొటో చూసి ఆడా మగా చెప్పే ఒక సాఫ్ట్‌వేర్ నల్లని ఆడవాళ్ల విషయంలో దాదాపు 35 శాతం తప్పు చెప్పింది. తెల్లని మగవాళ్ల విషయంలో ఏ సాఫ్ట్‌వేర్ తప్పులూ ఒక శాతం దాటలేదు.

ఇక వీధుల సంగతి. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర, గంటస్తంభం చుట్టుపక్కల జనం ఉంటారు కాబట్టి టెన్షన్ ఉండదు. భయమంతా ఆటో దిగాక ఇంటికి నడిచే ఆ కాస్త దూరంలోనే. ఫోన్లో మ్యాప్ చెరువు గట్టు పక్కనుంచి వెళ్లమంటుంది, దానికి దూరం తెలుసుగానీ ఆ దారిలో లైట్లు వెలగవని తెలీదు కదా. ఓ రాత్రి బండి మీద ఇద్దరు కుర్రాళ్లు ఆ దారిలో నా పక్కనే మెల్లగా వస్తూ ఏదేదో వాగుతుంటే, ఇంకా మూయని కిరాణా కొట్టు కనబడి లోపలికి వెళ్లిపోయాను. కొట్టావిడ బయటికొచ్చి నిలబడ్డాక గానీ వాళ్లు కదల్లేదు. ఇంటికెళ్లి చెబితే అమ్మ, "కంప్లైంటేటమ్మా, మీ నాన్నకి తెలిస్తే రేపట్నుంచి ఉద్యోగం మానేయమంటారు" అంది. దాంతో కంప్లైంట్ ఇవ్వలేదు. ఇలా ఎన్ని ఇళ్లల్లో ఆగిపోయి ఉంటాయో! ఇప్పుడు పోలీసు కేసులన్నీ ఏఐకి ఇచ్చి ప్రమాదకరమైన ప్రాంతాలు చూపించమంటే, మా గట్టు దారి నిక్షేపంగా ఉందనే చెబుతుంది. ధైర్యంగా కంప్లైంట్ ఇచ్చిన పేటలకేమో చెడ్డపేరు వస్తుంది. నాకు అన్నిటికన్నా బాధనిపించేది ఇదే.

అందుకే నాకు 2013లో మొదలైన సేఫ్టీపిన్ అనే యాప్ పద్ధతి నచ్చింది. అది కేసుల లెక్క మీద ఆధారపడదు. వెలుతురుందా, నడవడానికి దారుందా, చుట్టూ జనం ఉన్నారా, వాళ్లలో ఆడవాళ్లు కనబడుతున్నారా, ఇళ్ల నుంచీ కొట్ల నుంచీ ఎవరికైనా ఆ రోడ్డు కనబడుతుందా, ఇలాంటివి చూసి ఆ చోటుకి మార్కులేస్తుంది. బండికి పెట్టిన ఫోన్ రాత్రిపూట తీసిన ఫొటోల నుంచి కూడా ఇది చేయొచ్చు, ఆ ఫొటోలు వడపోసే పనికి ఏఐ చక్కగా సరిపోతుంది. మన దగ్గర రాత్రి గస్తీ బండికి ఒక ఫోన్ బిగిస్తే చాలు. ఆడవాళ్ల భద్రత కోసం పెట్టిన నిర్భయ నిధితో కేంద్రం 2018లో సేఫ్ సిటీ పథకం కింద ఎంచుకున్న ఎనిమిది నగరాల్లో వైజాగే లేదు, మన వంతు వచ్చేదాకా కూర్చుంటే ఎప్పటికయ్యేను?

మేం మా వీధి ఆడవాళ్లం కలిసి, వెలగని స్తంభాల ఫొటోలు లొకేషన్‌తో సహా తీసి వార్డు సచివాలయంలో ఇచ్చాం. కొన్ని లైట్లు వచ్చాయి, గట్టు వైపు ఇంకా రాలేదు, మళ్లీ మళ్లీ అడుగుతున్నాం. 2025 మార్చి 8న వచ్చిన ఏపీ పోలీసుల శక్తి యాప్ కూడా ఫోన్లో పెట్టుకోండి, ఆపదలో అందులోని ఎస్‌ఓఎస్ బటన్ నొక్కితే మీరున్న చోటు కంట్రోల్ రూమ్‌కి తెలుస్తుంది. యాప్ లేకపోతే అత్యవసర నంబర్ 112 ఎలాగూ ఉంది. ఒకవేళ మీ వీధిలో ఏఐ కెమెరా పెడుతున్నామని ఎవరైనా వస్తే వద్దనక్కర్లేదు. ఆ వీడియోలు ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు దాస్తారు, అలారం మోగితే రాత్రి పదకొండింటికి అక్కడికి వచ్చేదెవరు, ఎంతసేపట్లో వస్తారు అని మాత్రం గట్టిగా అడిగి, కాగితం మీద రాసిమ్మనండి.