తెలుగు ఫైల్‌లో ఫాంట్ మార్చగానే ప్రోగ్రామ్ మూసుకుపోతుంటే

ఫైల్ బాగానే తెరుచుకుంటోంది, మొత్తం సెలెక్ట్ చేసి ఫాంట్ మారిస్తే మాత్రం ప్రోగ్రామ్ చెప్పాపెట్టకుండా మూసుకుపోతోంది, రీఇన్‌స్టాల్ చేసినా అంతే అని మీరు అడిగారు. రీఇన్‌స్టాల్‌తో ఇది పోదండీ. ఫాంట్లు ఉండేది విండోస్‌లో. ప్రోగ్రామ్ ఎన్నిసార్లు తీసి వేసినా చెడ్డ ఫాంట్ ఉన్నచోటే ఉంటుంది.

మా డీటీపీ సెంటర్‌లో అచ్చం ఇలాగే జరిగింది. ఒక స్కూలు సావనీర్, తెల్లారితే ప్రింటుకెళ్లాలి. గౌతమి ఫాంట్‌లో ఉన్నంతసేపూ ఏ గొడవా లేదు. శీర్షికలకు రామభద్ర ఫాంట్ పెడదామని జాబితాలో దాని మీదికి మౌస్ తెచ్చేసరికి, ఇంకా నొక్కనే లేదు, ప్రోగ్రామ్ మాయం. సెలెక్ట్ చేసిన మాటను ఆ ఫాంట్‌లో ముందే చూపించబోయి పడిపోతోందన్నమాట. అందరికీ ఒకటే టెన్షన్.

మీరు ముందు, విండోస్‌లో జరిగిన ఎర్రర్లన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరవండి. విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ కింద, ప్రోగ్రామ్ పడిపోయిన టైముకి ఎర్ర గుర్తుతో ఒక ఎర్రర్ ఉంటుంది. అందులో 'ఫాల్టింగ్ మాడ్యూల్', అంటే ఎక్కడ పడిపోయిందో ఆ భాగం, పేరు చూడండి. అది విండోస్‌లో అక్షరాలు గీసే డీరైట్ (DWrite) గానీ జీడీఐ (GDI) గానీ అయితే ఫాంట్‌నే అనుమానించాలి. ప్రింటర్ డ్రైవర్ పేరు కనిపిస్తే, డిఫాల్ట్ ప్రింటర్‌ను 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్'కి మార్చి మళ్లీ ప్రయత్నించండి.

మాకు డీరైట్ వచ్చింది. కస్టమర్లు పెన్‌డ్రైవ్‌లలో తెచ్చిన ఫాంట్లలో సగం పక్కకు కాపీ చేసుకుని, అన్‌ఇన్‌స్టాల్ చేసి చూశాం. ఆగలేదు. మిగతా సగంలో మళ్లీ సగం. చివరికి దొరికింది: రామభద్ర పేరుతోనే ఉన్న, ఎవరో ఫాంట్ ఎడిటర్‌లో కెలికి సేవ్ చేసిన కాపీ. 'కమల' అని కొడితే చక్కగా చూపించేది, 'లక్ష్మి' అంటే పడిపోయేది. ఒత్తులు ఎలా కలవాలో చెప్పే పట్టిక ఫాంట్ లోపలే ఉంటుంది, అది దెబ్బతింటే ఇంతే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క మెసేజ్‌కి ఐఫోన్లలో యాప్‌లు మూసుకుపోయాయి, గుర్తుందా? అక్కడ తప్పు ఫాంట్ మార్చడంలో కాదు గానీ, తడబడింది అక్షరాలు కూర్చే దగ్గరే. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది.

ఆ కాపీ తీసేసి, గూగుల్ ఫాంట్స్ నుంచి అసలుది దించుకుని, రీస్టార్ట్ చేశాక మళ్లీ పడలేదు. గౌతమి, నిర్మలా యూఐ లాంటి విండోస్ సొంత ఫాంట్ల జోలికి మాత్రం వెళ్లకండి. బయటి ఫాంట్లన్నీ తీసినా మూసుకుపోతూనే ఉంటే ప్రోగ్రామ్‌ను సేఫ్ మోడ్‌లో తెరవండి. అక్కడ నిలబడిందంటే, ప్రోగ్రామ్‌కి అదనంగా తగిలించిన ఏదో యాడ్-ఇన్ పని.